నేల మీద సూర్యుడు

సూర్యుడి గురించి పిల్లలకు మనం చెప్పే మొదటి మాట “చూడొద్దు” అని. నిజమే, చూడకూడదు. కంటి లోపలి పొరకు నొప్పి తెలియదు. అది మాడుతున్నా మనిషికి కబురు అందదు. కొన్ని గంటలు గడిచాక చూపు నడిమధ్యలో మచ్చ కనపడితే అప్పుడు తెలుస్తుంది ఏం జరిగిందో. గ్రహణం రోజున పసుపు నీళ్ళ పళ్ళెంలో చూడడం, ఎక్స్‌రే ఫిలిం అడ్డం పెట్టుకోవడం, మసి పట్టించిన గాజుముక్కలోంచి చూడడం, ఇవేవీ కంటిని కాపాడవు. కాబట్టి ఆ మాట అనక తప్పదు.

నా ఫిర్యాదల్లా, ఆ మాట అనేశాక మిగతా పాఠమంతా అంకెలైపోతుందని. దూరం 15 కోట్ల కిలోమీటర్లు. అడ్డకొలత దాదాపు 14 లక్షల కిలోమీటర్లు. పైన 5,500 డిగ్రీలు, నడిగర్భంలో కోటిన్నర డిగ్రీలు. వయసు 460 కోట్ల ఏళ్ళు. వెలుగు మన దాకా రావడానికి 8 నిమిషాల 20 సెకన్లు. పెందుర్తిలో మా వీధి పిల్లలు సాయంత్రాలు అరుగుల మీద కూర్చుని వీటిని పదమూడో ఎక్కంలా వల్లిస్తుంటారు. ఒక్క సున్నా తప్పిపోదు. “ఈ పదిహేను కోట్లూ ఎవరు కొలిచార్రా?” అని అడిగితే మాత్రం, “అదేటి తాతా, పుస్తకంలో ఉందిగా!” అంటారు.

పుస్తకంలోకి ఎలా వచ్చిందన్నదే అసలు కథ. సూర్యుడి గురించి మనిషి తెలుసుకున్నదేదీ తేరిపార చూసి తెలుసుకున్నది కాదు. తల దించుకుని తెలుసుకున్నాడు. నేల మీద నీడ చూసి, గోడ మీద పడ్డ వెలుగు బిళ్ళ చూసి, పట్టకంలో విడిపోయిన రంగుల మధ్య సన్నటి గీత చూసి. ఆ తల దించుకున్నవాళ్ళలో కొందరు మనవాళ్ళు, కొన్ని చోట్లు మన ఊళ్ళు. ఈ సంగతి పాఠంలో ఉండదు.

నీడతో మొదలుపెడతాను, ఎందుకంటే దానికి ఖర్చు లేదు.

పెందుర్తి భూమధ్యరేఖకు దాదాపు 17.8 డిగ్రీలు ఉత్తరాన ఉంది. కర్కట రేఖ మనకు ఇంకా పైన, ఒడిశా కూడా దాటాక. అంచేత ఢిల్లీ పిల్లలకు వాళ్ళ ఊళ్ళో జన్మలో కనపడని ఒక వింత మన పిల్లలకు ఏటా రెండుసార్లు కనపడుతుంది. పొద్దు నడినెత్తికొచ్చిందని మనం రోజూ అంటాం గాని, రోజూ రాదు. మే 11 ప్రాంతంలో ఒకసారి, మళ్ళీ ఆగస్టు 2 ప్రాంతంలో ఒకసారి నిజంగా వస్తుంది. ఆ మధ్యాహ్నం నిటారుగా పాతిన కర్రకు నీడ ఉండదు. ఉంటుంది, కర్ర మొదట్లోకి దూరిపోతుంది. కూడలిలో కరెంటు స్తంభం నీడన కాస్త నిలబడదామనుకున్న మనిషికి ఆ కాసేపూ ఆ ఆసరా కూడా దొరకదు. సింహాచలంలో చందనోత్సవం జరిగే అక్షయ తృతీయ కూడా ఏప్రిల్ చివరికో మే మొదటికో ఈ దాపుల్లోనే పడుతుంది. అప్పన్న నిజరూపం కోసం వరసలో నిలబడ్డవాళ్ళ నీడలు వాళ్ళ పాదాల దగ్గరే ఎందుకు ముడుచుకుపోతాయో ఎవరైనా పిల్లవాడికి అక్కడే చెప్పొచ్చు. ఎలాగూ వరస కదలదు.

మే 11కూ ఆగస్టు 2కూ మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. కర్ర నీడ దక్షిణానికి పడుతుంది. డిసెంబరు 21, 22 నాటికి అదే మీటరు కర్రకు మధ్యాహ్నపు నీడ ఉత్తరంగా దాదాపు 88 సెంటీమీటర్లు సాగుతుంది. ఎండాకాలం ఎందుకొస్తుందని పరీక్షలో అడిగితే, భూమి సూర్యుడికి దగ్గరవుతుంది గనక అని రాసే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి భూమి సూర్యుడికి దగ్గరయ్యేది జనవరి మొదటివారంలో, మనం దుప్పటి కప్పుకున్నప్పుడు. అప్పుడు దూరం 14 కోట్ల 70 లక్షల కిలోమీటర్లు. దూరమయ్యేది జూలై మొదట్లో, అప్పుడు 15 కోట్ల 20 లక్షలు. మనల్ని మాడ్చేది దగ్గరతనం కాదు. కిరణం ఏటవాలుగా పడుతోందా నిలువుగా పడుతోందా, పగలు ఎంతసేపుంది అన్నదే లెక్క. ఈ జవాబు పుస్తకంలో చదివితే మరిచిపోవచ్చు. 88 సెంటీమీటర్ల నీడ సున్నా అవడం అయిదు నెలలపాటు చూసినవాడు మరిచిపోలేడు.

మాది సముద్రం కనపడని విశాఖ. బీచి రోడ్డు వాళ్ళకు పొద్దు నీళ్ళలోంచి లేస్తుంది, మాకు కొండల మీంచి. అందులో వాళ్ళకు లేని సుఖం ఒకటుంది. నీళ్ళ మీద గుర్తు పెట్టుకోవడానికి ఏమీ ఉండదు, కొండకు గూనులుంటాయి, చెట్లుంటాయి, సెల్ టవర్లుంటాయి. డిసెంబరులో సింహాచలం కొండల వైపు నుంచి వచ్చే సూర్యుడు నెలనెలా ఎడమకు జరుగుతూ జూన్‌కు ఆనందపురం దిక్కుకు చేరుకుంటాడు. ఈ చివరి నుంచి ఆ చివరికి దాదాపు 50 డిగ్రీలు. మేడ మీద ఒకే చోట నిలబడి నెలకోసారి చూసుకుంటే చాలు. ఇందులోనే ఇంకో చిక్కు కూడా బయటపడుతుంది. సూర్యోదయం ఉత్తరానికి మళ్ళడం మొదలయ్యేది డిసెంబరు 22న. మన ఉత్తరాయణ పుణ్యకాలం మాత్రం జనవరి 14న. భోగిమంటలకు మూడు వారాల ముందే సూర్యుడు మళ్ళిపోయి ఉంటాడు. భూమి ఇరుసు బొంగరంలా మెల్లగా తల తిప్పుతుండడం వల్ల 72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున ఈ తేడా పేరుకుంది. సుమారు 1,700 ఏళ్ళ కిందట రెండూ ఒకే రోజున పడేవి. పంచాంగం తప్పని నేననడం లేదు. పంచాంగం నక్షత్రాల్ని పట్టుకుంది, నీడ సూర్యుణ్ణి పట్టుకుంది. పండగ మాత్రం అరిసెల్ని పట్టుకుంది.

అరసవల్లి సంగతి చూడండి. శ్రీకాకుళం పక్కన సూర్యనారాయణస్వామి గుళ్ళో మార్చి రెండోవారంలోనూ అక్టోబరు మొదట్లోనూ ఉదయపు కిరణాలు గోపురం, మండపం దాటి మూలవిరాట్టును తాకుతాయని ఏటా జనం పోతారు, టీవీలవాళ్ళూ పోతారు. మబ్బు పడితే దిగులుగా తిరిగొస్తారు. అద్భుతమే, కాదనను. కానీ ఆ రెండు తేదీలే ఎందుకని పిల్లల్ని అడగనిస్తే ఆ అద్భుతం ఇంకాస్త పెరుగుతుంది. డిసెంబరు 21 నుంచి వెనక్కి లెక్కపెడితే అక్టోబరు 3 సుమారు 79 రోజులు. ముందుకు లెక్కపెడితే మార్చి 10 కూడా ఇంచుమించు అంతే. దక్షిణానికి పోతూ ఒకసారి, ఉత్తరానికి వస్తూ ఒకసారి సూర్యుడు ఒకే చోట ఉదయించే రోజులవి. సరిగ్గా తూర్పున కాదు, నాలుగు డిగ్రీలు దక్షిణంగా. స్థపతి గర్భగుడినీ ద్వారాన్నీ ఆ వరసలో నిలబెట్టాడు. ఆయన పేరు మనకు తెలియదు. ఆయన కూడా కర్ర నీడతోనే పని మొదలుపెట్టి ఉంటాడని నా నమ్మకం, ఎందుకంటే మన శిల్పశాస్త్రాల్లో దిక్కులు నిర్ణయించే పద్ధతి శంకువు నీడే.

నీడ తర్వాత బిళ్ళ. పెంకుటిళ్ళలో పెరిగినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పెంకుల సందులోంచి మధ్యాహ్నం చాప మీద గుండ్రటి వెలుగు బిళ్ళలు పడేవి. పెంకు విరిగిన సందు గుండ్రంగా ఉండదు, మూడు మూలలుగానో చీలికలానో ఉంటుంది. బిళ్ళ మాత్రం గుండ్రంగానే పడుతుంది. అది సందు బొమ్మ కాదు, సూర్యుడి బొమ్మ. జీడితోటలో, వేపచెట్టు కింద ఎండ పొడలుగా పడేదీ అదే. ఇక్కడ ఎవరూ నమ్మని లెక్క ఒకటుంది: చిన్న రంధ్రం నుంచి బిళ్ళ పడే చోటికి ఎంత దూరమో, అందులో సుమారు 108వ వంతు బిళ్ళ అడ్డకొలత. అద్దం మీద కందిగింజంత కన్నం పెట్టిన కాయితం అతికించి, ఎండను నీడలో ఉన్న గోడ మీదికి తిప్పండి. గోడ 10 మీటర్ల 80 సెంటీమీటర్ల దూరంలో ఉంటే బిళ్ళ 10 సెంటీమీటర్లు ఉంటుంది. ఆ 15 కోట్ల కిలోమీటర్లను అదే 108తో భాగించండి, 13 లక్షల 90 వేలు వస్తుంది. సూర్యుడి వ్యాసం. టేపు, అద్దం, కాయితం, గోడ. (108 అనగానే కొందరు జపమాల ఎత్తుకుంటారు. ఆ చర్చలోకి నేను రాను.)

2019 డిసెంబరు 26 ఉదయం పాక్షిక గ్రహణం పట్టినప్పుడు చెట్ల కింద ఈ బిళ్ళలన్నీ నెలవంకలయ్యాయి. మా వీధిలో తలుపులు మూసి, పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టినవాళ్ళు నిలబెట్టారు. వాకిట్లో ముగ్గు పక్కన వందల నెలవంకలు ఎవరూ పిలవకుండా వచ్చి పోయాయి. ఆర్యభటుడు క్రీ.శ. 499లోనే గ్రహణాలు నీడల ఆట అని రాసిపెట్టాడు. పదిహేను వందల ఏళ్ళు దాటాయి, మనం ఇంకా రోకలి దగ్గరే ఉన్నాం.

సరే, వ్యాసం తేలాలంటే దూరం తెలియాలి. ఆ 15 కోట్లు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఈ ప్రశ్నకు సమాధానంలో కొంత విశాఖ డాబా గార్డెన్స్‌లో ఉంది. ఇప్పుడు డాబా గార్డెన్స్ అంటే దుకాణాలు, హారన్లు. 1840 ప్రాంతంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు అక్కడ తన సొంత ఖర్చుతో వేధశాల కట్టించుకున్నాడు. మద్రాసు వేధశాలలో టేలర్ దగ్గర ఖగోళం నేర్చుకుని వచ్చినవాడాయన. జమీందార్లు మేజువాణీలకూ వ్యాజ్యాలకూ డబ్బు తగలేసే రోజుల్లో ఆయన దూరదర్శినులు కొన్నాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపాడు. 1874 డిసెంబరు 9 ఉదయం శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా నల్లటి చుక్కలా దాటిపోయింది. ఆ రోజు ప్రపంచమంతటా గమనించినవాళ్ళలో విశాఖపట్నంలో నరసింగరావు ఒకడు.

శుక్రుడి చుక్క కోసం దేశదేశాలు ఓడలేసుకుని ఎందుకు పోయాయంటే, దూరదూరాల నుంచి చూసినవాళ్ళకు ఆ చుక్క సూర్యుడి మీద కొంచెం వేరువేరు దారుల్లో పోయినట్టు కనపడుతుంది. ఎక్కి దిగడానికి పట్టే సమయం తేడాగా ఉంటుంది. చూసిన చోట్ల మధ్య దూరం తెలుసు, సమయాల తేడా తెలిసింది, ఇక త్రికోణం గీసి సూర్యుడి దూరం లాగొచ్చు. అనుకున్నంత కచ్చితంగా రాలేదు. చుక్క బింబం అంచుకు అతుక్కుపోయినట్టు సాగి కనపడడంతో సెకన్లు తప్పాయి. తర్వాత వేరే దారులు దొరికాయి. 1961లో శుక్రుడి మీదికి రాడార్ కొట్టి వెనక్కొచ్చిన ప్రతిధ్వనితో లెక్క బిగించారు. అయినా, పుస్తకంలో పిల్లలు వల్లించే ఆ అంకె వెనక మన ఊరివాడు ఒకడు తెల్లవారగట్ల లేచి దూరదర్శిని సర్దుకున్నాడన్నది చిన్న సంగతి కాదు. శుక్రుడు మళ్ళీ 1882లో, 2004లో, 2012 జూన్ 6న దాటాడు. ఇక 2117 దాకా లేదు.

పదిహేను కోట్లంటే ఎంతని అడిగితే నేనొక రైలు కథ చెబుతాను. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఎక్కడా ఆగని రైలొకటి, సిగ్నల్ లేక పెందుర్తి బయట నిలబడిపోని రైలు, 1868 ఆగస్టు 18న గుంటూరు నుంచి సూర్యుడికి బయల్దేరిందనుకుందాం. ఇప్పటికింకా దారిలోనే ఉంటుంది. 2039లో చేరుతుంది.

ఆ తేదీ ఊరికే చెప్పలేదు. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ బీజాపూర్ మీదుగా వచ్చి గుంటూరు, మచిలీపట్నం దాటి బంగాళాఖాతంలోకి పోయింది. ఫ్రాన్సు నుంచి పియెర్ జాన్సెన్ పెట్టెలకొద్దీ సామాను వేసుకుని గుంటూరు వచ్చాడు. మద్రాసు వేధశాల నుంచి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. నడి ఆగస్టు, వానల కాలం, మబ్బు పడితే ఇంత ప్రయాణమూ వృథా. గుంటూరు మీద ఆకాశం కరుణించింది. దాదాపు ఆరు నిమిషాలు చీకటి. నల్లటి బింబం చుట్టూ ఎర్రగా ఎగసిన జ్వాలల వెలుగును జాన్సెన్ వర్ణపటదర్శినిలోకి పట్టాడు. ఇంద్రధనుస్సులా పరుచుకోవలసిన రంగులకు బదులు విడివిడిగా వెలిగే గీతలు కనిపించాయి. అంటే ఆ జ్వాలలు వేడెక్కి వెలుగుతున్న వాయువు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని పట్టొచ్చని ఆయనకు అక్కడే తట్టింది. మర్నాడు మామూలు ఎండలో గుంటూరులోనే పట్టి చూపించాడు. అప్పటిదాకా సూర్యుడి అంచును చదవాలంటే ఏళ్ళ తరబడి గ్రహణం కోసం కాచుకోవాలి. ఆ ఉదయం నుంచి అక్కర్లేకపోయింది. అదే గ్రహణాన్ని ముందే లెక్కగట్టి చూడడానికి అడవిలోకి వెళ్ళిన సయాం రాజు మోంగ్‌కుట్ అక్కడ మలేరియా పట్టి రెండు నెలలు తిరక్కుండా పోయాడు.

ఆ గీతల్లో పసుపుపచ్చనిది ఒకటి ఉంది. సోడియం గీతల పక్కనే ఉంది గాని సోడియంది కాదు. హీలియం గుంటూరులో దొరికిందని మనవాళ్ళు అభిమానంగా చెప్పుకుంటారు. కచ్చితంగా చెప్పాలంటే జాన్సెన్ దాన్ని కొత్త మూలకం అనలేదు. ఆ గీత సోడియంతో కలవడం లేదని మచిలీపట్నంలో పోగ్సన్ గుర్తించాడు. ఇంగ్లండులో లాకియర్ అదే ఏడాది అక్టోబరులో గ్రహణం లేకుండానే దాన్ని చూసి, భూమ్మీద లేని పదార్థమేదో సూర్యుడిలో ఉందని తేల్చి పేరు పెట్టాడు. తోటి శాస్త్రవేత్తలు నవ్వారు. 1895లో విలియం రామ్సే యురేనియం ఖనిజంలోంచి ఆ వాయువును పట్టేదాకా నవ్వుతూనే ఉన్నారు. ఒక పదార్థం ముందు సూర్యుడిలో దొరికి, 27 ఏళ్ళ తర్వాత భూమ్మీద దొరకడం అదొక్కటే. నన్నడిగితే గుంటూరు, కృష్ణా జిల్లాల పాఠ్యపుస్తకాలకు ఇంతకంటే మంచి మొదటి పేజీ లేదు. ఇవాళ పుట్టినరోజు హాళ్ళలో పైకప్పుకు అంటుకుని వేలాడే బెలూన్లలో ఆ హీలియమే. తీర్థాల్లో అమ్మే గ్యాసు బుడగల్లో చాలా వరకు హైడ్రోజన్, అందుకే బీడీకి దూరంగా ఉంచాలి. సూర్యుడి బరువులో నాలుగింట మూడు వంతులు ఈ రెండోది, మిగిలిన పావు ఇంచుమించుగా మొదటిది.

సూర్యుడిలో ఏముందో ఇలా తెలిసింది గాని, ఎలా వెలుగుతున్నాడో 1868లో ఎవరికీ తెలియదు. పోర్టు యార్డులో గుట్టలుగా ఉండే బొగ్గుతోనే లెక్క కట్టి చూశారు. సూర్యుడంతా బొగ్గే అయితే సుమారు 5,000 ఏళ్ళలో బూడిద. రాళ్ళేమో భూమి వయసు కోట్ల ఏళ్ళంటున్నాయి. ఈ ముడి విప్పడంలో మేఘనాద్ సాహా పేరు పిల్లలకు చెప్పాలి. 1920లో ఆయన రాసిన సమీకరణం లేకపోతే నక్షత్రాల గీతలు చదవడం కుదరదు. దాన్ని పట్టుకుని సిసిలియా పేన్ అనే పాతికేళ్ళమ్మాయి 1925లో, సూర్యుడూ నక్షత్రాలూ ప్రధానంగా హైడ్రోజన్ అని తేల్చింది. పెద్దలు కాదు పొమ్మన్నారు. ఆమె తన వ్యాసంలోనే ఆ ఫలితం దాదాపు కచ్చితంగా నిజం కాదని రాసుకోవలసి వచ్చింది. నాలుగేళ్ళకు ఆ కాదన్న పెద్దాయనే ఒప్పుకున్నాడు. 1930ల చివరకు హాన్స్ బేతె మిగిలిన లెక్క పూర్తి చేశాడు. నడిగర్భంలో హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియం అవుతున్నాయి. సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ ఖర్చయితే, అందులో 40 లక్షల టన్నుల పైచిలుకు పదార్థం వెలుగుగా మారిపోతోంది.

ఇక్కడ పిల్లలు నోరు తెరిచే మాట ఒకటుంది. కిలోకు కిలో చూస్తే సూర్యుడికంటే మన ఒంట్లో పుట్టే వేడే ఎక్కువ, వేల రెట్లు ఎక్కువ. సూర్యుడిది పెద్ద మంట కాదు, పెద్ద ఒళ్ళు. నిదానంగా వండుకుంటున్నాడు గనకే 460 కోట్ల ఏళ్ళు గడిచినా ఇంకా 500 కోట్ల ఏళ్ళకు సరిపడా ఉంది. గర్భంలో పుట్టిన శక్తి పదార్థాన్ని ఢీకొంటూ, దారి తప్పుతూ పైకి రావడానికి వేల ఏళ్ళ నుంచి లక్ష ఏళ్ళ పైదాకా పడుతుందని లెక్కలు. పై నుంచి మన దాకా 8 నిమిషాలే. ముడసర్లోవ చెరువు మీద, పరవాడ దగ్గర సింహాద్రి ఎన్టీపీసీ జలాశయం మీద తేలే సౌర పలకలు పట్టుకుంటున్న ఎండ మనిషి వ్యవసాయం నేర్వకముందే బయల్దేరి ఉండొచ్చు.

ఎండ కంటే పాత సంగతి ఒకటి రోజూ మా ఊరి మీదుగా పోతుంటుంది. పెందుర్తి స్టేషనులో కూర్చుంటే కొత్తవలస వైపు నుంచి బైలడిలా ఇనుప ఖనిజం వేసుకుని గూడ్సు బళ్ళు వస్తాయి. పెట్టె మీద పెట్టె, ఎర్రటి ధూళి, ఎంతకీ ఆఖరి పెట్టె రాదు. గేటు దగ్గర విసుక్కోని మనిషి ఉండడు. ఆ ఇనుము సూర్యుడికంటే ముసలిది. సూర్యుడు ఇనుము చేయలేడు. ఇప్పుడు చేసేది హీలియం, ముసలితనంలో కర్బనం, ప్రాణవాయువు దాకా పోతాడు, అక్కడితో సరి. ఇనుము వండాలంటే పేలిపోయే నక్షత్రాలు కావాలి, వాటి చావు కావాలి. అలా పేలిపోయిన పాత నక్షత్రాల బూడిద కలిసిన మబ్బులోంచే సూర్యుడూ పుట్టాడు, భూమీ పుట్టింది. సూర్యుడిలోనూ ఇనుముంది, వందల భూముల బరువంత ఉంది. అదీ తాతల ఆస్తే గాని స్వార్జితం కాదు.

ఈ ఖనిజం ఉక్కు కొలిమిలోకి పోయాక ఏమవుతుందో చూడండి. విశాఖ ఉక్కు కర్మాగారంలో మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నాం. వాటిలో ఇనుముతో పాటు పడే కోకు కోసం ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో బొగ్గు వస్తుంది. ఆ బొగ్గు 25 కోట్ల ఏళ్ళు పైబడ్డ అడవి, అంటే అప్పటి ఎండ. సూర్యుడికంటే ముందు పుట్టిన లోహాన్ని సూర్యుడి పాత ఎండతో కరిగిస్తున్నారు గాజువాక అవతల. కరిగిన ఇనుము వేడి 1,500 డిగ్రీలు, దాని వైపు చూడాలంటేనే నీలి అద్దాలు కావాలి. సూర్యుడి పైచర్మం దానికి మూడున్నర రెట్లు వేడి. అసలు రంగు పసుపూ కాదు, ఎరుపూ కాదు, తెలుపు. ఉదయాస్తమయాల్లో మన గాలి నీలాన్ని చెదరగొట్టి మిగిలిన ఎరుపును చూపిస్తుంది. ఈ మాట చెబితే డ్రాయింగు పుస్తకాలున్న పిల్లలకు నచ్చదు. తెల్ల కాయితం మీద తెల్ల సూర్యుణ్ణి వేయడం ఎలా?

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి సూర్యుణ్ణి గమనించే మన వ్యోమనౌక ఆదిత్య ఎల్1 పోయింది. 2024 జనవరి 6న తన కక్ష్యలో కుదురుకుంది. సూర్యుడి దగ్గరికి పోయిందని కొన్ని పేపర్లు రాశాయి. పోయింది 15 లక్షల కిలోమీటర్లు, అంటే దారిలో నూరో వంతు. గ్రహణం పట్టదు, మబ్బు పట్టదు, అందుకని అక్కడ. నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. అందులో ముఖ్యమైన పరికరం సూర్యబింబాన్ని కప్పేసి చుట్టూ ఉన్న కిరీటాన్ని చూస్తుంది. బింబం పైన 5,500 డిగ్రీలుంటే ఆ కిరీటం 10 లక్షల డిగ్రీలు దాటుతుంది. పొయ్యికంటే పొగ వేడిగా ఉండడం ఎందుకో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. దాని కోసమే ఇంత ఖర్చు, ఇంత దూరం. గుంటూరులో జాన్సెన్‌కు చంద్రుడు ఊరికే చేసిపెట్టిన పనిని ఇప్పుడు యంత్రం రోజంతా చేసుకుంటోంది. అదీ తేరిపార చూడడం లేదు.

పెందుర్తి చుట్టుపక్కల బళ్ళల్లో చెప్పే మాస్టార్లకూ టీచరమ్మలకూ ఒక విన్నపం. మనకు నీడ మాయమయ్యేది మే 11న 11 గంటల 53 నిమిషాలకు. అప్పుడు సెలవులు, కాబట్టి అది తల్లిదండ్రుల వంతు. ఆగస్టు 2న 12 గంటల 3 నిమిషాలకు, అది మీ వంతు. గడియారం సరిగ్గా పన్నెండు చూపించదేమని పిల్లలు అడుగుతారు, అడగాలి. మన గడియారాలు కాకినాడ దాపుగా పోయే రేఖను బట్టి నడుస్తాయి, మనం దానికి కాస్త తూర్పున ఉన్నాం, పైగా భూమి సూర్యుడి చుట్టూ ఏడాది పొడుగునా ఒకే వేగంతో తిరగదు. మబ్బు పడితే మర్నాడు చూడండి, ఒక రోజు తేడాకు మీటరు కర్ర నీడ అర సెంటీమీటరు కూడా మారదు. కర్ర నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి సరిచూసుకోండి. పావుగంట ముందు నుంచీ నీడ కొస దగ్గర సుద్దముక్కతో గుర్తులు పెట్టించండి. ఆ పూట సూర్యుడి పాఠం ఉన్న పేజీ తెరవకపోయినా ఏమీ నష్టం లేదు.